నాలుగో తరగతి పిల్లాడికి ఒత్తులు రావట్లేదు మేడమ్! (కొత్త టీచర్ల ప్రశ్నలు, జవాబులు)

తెలంగాణలో 2024లో 11,062 టీచర్ పోస్టులకి డీఎస్సీ పెట్టి అదే ఏడాది అక్టోబర్‌లో ఆర్డర్లు ఇచ్చారు, ఆంధ్రాలో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి వేసి 2025 సెప్టెంబర్ 25న ఆర్డర్లు ఇచ్చారు. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడిప్పుడే బడిలో అడుగు పెట్టినవాళ్ళు వేలల్లో ఉన్నారు, ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూస్తే వాళ్ళందరూ ఒకేసారి నాకే రాసినట్టుంది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, స్కూల్ పేర్లు ఊరి పేర్లు తీసేశాను. ఇకముందు రాసేవాళ్ళు దయచేసి పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు, నాకు కూడా వద్దు.

ప్రశ్న: మేడం నమస్తే. నేను ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్), జాయిన్ అయ్యి ఏడాది దాటింది. మాది ఇద్దరు టీచర్ల ప్రైమరీ స్కూల్, పిల్లలు 34 మంది. మా సారు మీటింగ్ అనో ట్రైనింగ్ అనో పోతే ఐదు క్లాసులు నేనొక్కదాన్నే చూడాలె. నాలుగో తరగతిల 9 మంది ఉంటే ఇద్దరే తెలుగు పాఠం చదువుతరు, మిగతావాళ్ళకు ఒత్తులు రావు, అందులో ఇద్దరికైతే గుణింతాలే రావు. సిలబస్ చెప్పాల్నా, అఆలు చెప్పాల్నా? సిలబస్ ఎనకబడ్డదని ఒక దిక్కు భయం. రాత్రి నిద్ర పడ్తలేదు. (నాగర్‌కర్నూల్ జిల్లా)

జవాబు: చట్టం లెక్కలో మీ బడికి ఏ లోటూ లేదమ్మా, 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆ ఇద్దరికీ ఐదు క్లాసులు ఉంటాయన్న సంగతి ఆ షెడ్యూల్ రాసినవాళ్ళకి ఎంతవరకు తట్టిందో మరి. డీఎడ్‌లోనూ బీఎడ్‌లోనూ మైక్రో టీచింగ్ చేస్తాం కదా, మన బ్యాచ్ వాళ్ళే పిల్లల్లా కూర్చుని మనం అడిగిన ప్రతిదానికీ చక్కగా జవాబు చెప్తారు, అక్కడ అందరూ ఒకే క్లాసు, అందరికీ చదవడం వచ్చు. అసలు బడికొచ్చాక గానీ తెలీదు, నాలుగో తరగతి అన్నది రిజిస్టర్లో ఉంటుంది గానీ పిల్లల్లో ఉండదని.

సిలబస్సా అఆలా అని అడిగావు. రెండిటికన్నా ముందు ఇంకో పని ఉంది. ఒక వారం పాటు రోజూ ఐదారుగుర్ని, ఒక్కొక్కర్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. వాళ్ళ సొంత పాఠం ఇవ్వకు, ఎందుకంటే పిల్లలు పాఠం మొత్తం విని విని కంఠతా పట్టేసి వేలు కదిపేస్తూ గడగడా చెప్పేస్తారు, మనకేమో చదివేస్తున్నట్టే ఉంటుంది. చూడని పేజీ ఇచ్చి మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి అని అడుగు, అసలు సంగతి అక్కడ తేలిపోతుంది. గుణింతం కూడా అంతే, క కా కి కీ అని రాగం తీసి పాడతారు, బోర్డు మీద కె, కే రెండూ రాసి ఏది ఏది అంటే నీ మొహం చూస్తారు. అలా చూసి నాలుగు గుంపులు రాసుకో: అక్షరాలు రానివాళ్ళు, అక్షరాలు వచ్చి మాటలు చదవలేనివాళ్ళు, మాటలు వచ్చి పేరా చదవలేనివాళ్ళు, కథ చదివేవాళ్ళు. ఇది నా సొంత కవిత్వం ఏమీ కాదు, అసర్ సర్వే వాళ్ళు 2005 నుంచి ఊళ్ళల్లో పిల్లల్ని చూసేది దాదాపు ఇలాగే, మీ రాష్ట్రంలో ప్రభుత్వ బళ్ళల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ముందు చదవడం, రాయడం, లెక్కలు గట్టి చెయ్యమనే. కాబట్టి ఎవరైనా ఆఫీసర్ వచ్చి సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది అంటే భయపడకుండా ఈ నాలుగు గుంపుల కాగితం చూపించు, ముందు దాని గురించే మాట్లాడు.

పొద్దున్న ఒక గంట క్లాసులు మర్చిపోయి ఈ గుంపుల ప్రకారం కూర్చోబెట్టు. మూడో తరగతి పిల్ల కథ చదవగలిగితే పై గుంపులోకి వెళ్తుంది, నాలుగో తరగతి పిల్లాడికి గుణింతాలు రాకపోతే కింది గుంపులోకి వస్తాడు, కానీ వాణ్ణి తీసుకెళ్ళి రెండో తరగతి వరసలో కూర్చోబెట్టావో ఆ రోజుతో వాడు బడి మానేస్తాడు. గుంపులకి నదుల పేర్లో పువ్వుల పేర్లో పెట్టి, అందర్నీ ఒకేసారి లేపి కొత్త చోట్లకి మార్చు, అప్పుడు ఎవడు ఎక్కడికి వెళ్ళాడో ఎవరూ పట్టించుకోరు.

గుణింతాలకి పాట ఆపేసి జంటలు ఇవ్వు. పడు–పాడు, వడి–వాడి, విధి–వీధి, ఇలా ఒక్క దీర్ఘంతో మాట మారిపోయేవి. ఒత్తుల దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతారో ఒకసారి బోర్డు మీద రాసి చూడు. చాలా ఒత్తులు అసలు అక్షరంలాగే ఉంటాయి, త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం వాటి అక్షరాల్లా అస్సలు ఉండవు, కొత్త గుర్తులే. మజా ఏంటంటే ఆ ఆరింట్లో ఐదు మన ఇంట్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల. వీటితో మొదలుపెడితే పిల్లాడికి నోటికి వచ్చిన మాటే కాబట్టి కన్ను ఆ గుర్తుని పట్టేసుకుంటుంది, ర ఒత్తుకి చక్రమో చంద్రుడో చాలు. అక్కడ్నుంచి పుస్తకం, సూర్యుడు లాంటి వాటికి వెళ్ళొచ్చు. స్త్రీ, రాష్ట్రం లాంటివి ఆఖర్న.

మధ్యాహ్నం సిలబస్ చెప్పు, కానీ నోటితో. చదవడం రానివాడికి వినడం వస్తుంది కదా, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పాఠంలో చెరువు గురించి వాడికి నీకన్నా ఎక్కువే తెలిసుంటుంది. చదవడం రాదని వాడి సైన్సూ లెక్కలూ కూడా ఆపేస్తే అన్నిట్లోనూ వెనకబడిపోతాడు.

ఒక్కదానివే ఉన్న రోజు సంగతికొస్తే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరే ఉండే బళ్ళు నడిపి, పుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఎవరి కార్డు వాళ్ళు చేసుకుంటూ పైకి వెళ్ళే పద్ధతి తయారు చేశారు. తమిళనాడులో ఏబీఎల్ (పనులు చేస్తూ నేర్చుకోవడం) అని ప్రభుత్వ బళ్ళల్లో పెట్టింది దీన్ని చూసే. అంత పెద్ద కిట్ మనవల్ల కాదు గానీ పాత క్యాలెండర్ అట్టలు కోసి, ఒక్కో గుంపుకి ఓ ఇరవై కార్డులు రాసిపెట్టుకుంటే మీ సారు లేని రోజు గడిచిపోతుంది. కథ చదివే పిల్లలతో చిన్నవాళ్ళకి చెప్పించు, కానీ రోజూ ఒకే అమ్మాయిని పిలవకు. తెలివైన పిల్ల కదా అని మనం ఆ పిల్లని జీతం లేని టీచర్ని చేసేస్తాం, దాని చదువు అక్కడే ఆగిపోతుంది, ఇది చాలా బళ్ళల్లో చూశాను.

నిద్ర సంగతి. ఒక నోటుబుక్కులో ఒక్కో పిల్లకి ఒక పేజీ పెట్టి, ఏ తారీఖుకి ఏం వచ్చిందో రాసుకో. నెలాఖరున చూసుకుంటే కనీసం కొందరి పేజీ కదిలినట్టు కనిపిస్తుంది, ఎవరిది కదల్లేదో కూడా కనిపిస్తుంది. అప్పుడు భయం మొత్తం క్లాసు గురించి కాకుండా ఫలానా ఇద్దరి గురించే ఉంటుంది, ఆ ఇద్దరికీ ఏం చెయ్యాలో ఆలోచించడం తేలిక.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, వయసు 24. తొమ్మిదో తరగతి మగపిల్లలు కొందరు నాకన్నా పొడుగు. బోర్డు వైపు తిరిగితే చాలు అరుపులు, ఈలలు. గట్టిగా అరిచి అరిచి గొంతు పోయింది. నాకో నిక్‌నేమ్ కూడా పెట్టారు. పక్క క్లాసు మాస్టారు బెత్తం పట్టుకుని తిరుగుతారు, ఆయన క్లాసు నిశ్శబ్దం. నన్నూ అదే చేయమంటున్నారు. తల్లిదండ్రులు కూడా "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్" అంటున్నారు. (పల్నాడు జిల్లా)

జవాబు: ముందు బెత్తం సంగతి తేల్చేద్దాం బాబూ. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో హింసించకూడదు అని చెప్తుంది, అది 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తల్లిదండ్రులు కొట్టమన్నారు అన్న మాట రేపు ఎంక్వయిరీలో పనికిరాదు, పిల్లాడికి ఏదైనా అయితే కొట్టమన్న ఆ తండ్రే మొదట వస్తాడు మీ మీదకి. ఉద్యోగం పోతుందని మాత్రమే చెప్పట్లేదు. పక్క క్లాసు నిశ్శబ్దం ఆయన గదిలో ఉన్నంతసేపే, ఆయన బయటికి వెళ్ళాక ఒకసారి కిటికీ లోంచి చూడండి.

మీరు అరిచినప్పుడు ఏం జరుగుతోందంటే క్లాసులో గోల ఎంతుంటే మీరు దానికన్నా పైకి వెళ్ళాలి, అప్పుడు వాళ్ళు ఇంకొంచెం పైకి వెళ్తారు, ముప్ఫై అయిదు గొంతులతో ఒక్క గొంతు పోటీ, ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. మీరు క్లాసులోకి అడుగుపెట్టగానే బోర్డు మీద ఒక లెక్క ఉండాలి, అటెండెన్స్ వేసేలోపు చెయ్యాలి అది, ఏడో తరగతి స్థాయి లెక్కే అయినా పర్లేదు, అందరికీ వచ్చేది కావాలి. గోల చేసేవాళ్ళల్లో ఎక్కువమంది చెయ్యడానికి ఏమీ లేక చేస్తారు, తొమ్మిదో తరగతి బీజగణితం రావాలంటే మైనస్ గుర్తులు, భిన్నాలు రావాలి కదా, అవే రానివాడికి మీ నలభై నిమిషాలు ఏ భాషలో గడుస్తున్నాయో ఆలోచించండి. ఈల వేసేవాడికి భిన్నాల కూడిక ఇచ్చి చూడండి, చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది.

బోర్డు వైపు పూర్తిగా తిరక్కండి, పక్కకి నిలబడి రాయడం అలవాటు చేసుకోండి, రెండు వారాల్లో వస్తుంది. ఇంకా మంచిది, పెద్ద లెక్క అయితే వాళ్ళల్లో ఒకణ్ణి పిలిచి రాయించి మీరు వెనక బెంచీల దగ్గర నిలబడండి. క్లాసు వెనక నుంచి ఎలా ఉంటుందో చాలామంది టీచర్లకి రిటైర్ అయ్యేదాకా తెలీదు.

పేర్లు నేర్చుకోండి, అన్నీ, ఇంటి పేర్లతో సహా. "ఏయ్ బ్లూ షర్ట్" అనే టీచర్‌కీ పేరు పెట్టి పిలిచే టీచర్‌కీ ఉన్న తేడా మీరే చూస్తారు. ఒకడు మరీ మొండికేస్తే అందరి ముందూ వాడితో వాదన పెట్టుకోకండి, వాడికి అక్కడ ప్రేక్షకులు ఉన్నారు, పద్నాలుగేళ్ళ వాడు ప్రేక్షకుల ముందు ఓడిపోవడానికి ఒప్పుకోడు. "ఇంటర్వెల్లో స్టాఫ్‌రూమ్‌కి రా" అని మామూలు గొంతుతో చెప్పి పాఠంలోకి వెళ్ళిపోండి. ఇంటర్వెల్లో వాడు ఒంటరిగా వచ్చినప్పుడు చూడండి, సగం ఎత్తే ఉంటాడు. తిట్టకండి, ఏంట్రా సంగతి అని అడగండి. కొందరు పొద్దున్నే నాలుగింటికి లేచి గేదెల పని చూసుకుని వస్తారు, కొందరికి ఇంట్లో వాళ్ళ నాన్న తాగి చేసే గోల. కొందరికి ఏ కారణమూ ఉండదు, ఊరికే అల్లరి, అది కూడా వయసుకి మామూలే.

నిక్‌నేమ్ అంటారా, పిల్లలు పేరు పెట్టని టీచర్ ఎవరు నాయనా! విననట్టు ఉండండి. కోపం వచ్చినట్టు తెలిస్తే ఆ పేరు మీ సర్వీస్ రిజిస్టర్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ అయ్యి తర్వాత స్కూల్‌కి కూడా వస్తుంది.

గొంతు మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, అరిచే టీచర్లకి స్వరపేటికలో కాయలు కాయొచ్చు, అది వచ్చాక గొంతుకి విశ్రాంతి ఇవ్వక తప్పదు.

ప్రశ్న: పిల్లలు నన్ను బాగా ఇష్టపడాలి మేడమ్. రోజూ చాక్లెట్లు ఇస్తున్నా. మంచిదేనా?

జవాబు: పళ్ళ డాక్టర్‌కి మంచిదే. పుట్టినరోజు నాడు ఇవ్వు చాలు. ఇష్టం గురించి ఇంత దిగులు వద్దు, నిన్న నేర్చుకున్నది ఇవాళ నువ్వు మళ్ళీ అడిగితే వాళ్ళకి వస్తోందా అన్నది చూసుకో.

ప్రశ్న: మాది ఏజెన్సీ మేడమ్, నాకు ఇదే మొదటి పోస్టింగ్. పిల్లలు ఇంట్లో కోయ భాష మాట్లాడతారు. నేను తెలుగులో అడిగితే ఒకటో తరగతి వాళ్ళు నోరు విప్పరు. ముందున్న సార్ "వీళ్ళింతే, మొద్దులు" అని చెప్పి వెళ్ళారు. (అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: ఆ సార్ మాట అక్కడే వదిలేయ్ తల్లీ. నిన్ను తీసుకెళ్ళి ఒక్క ముక్క రాని భాషలో ఐదేళ్ళ వయసులో క్లాసులో కూర్చోబెడితే నువ్వూ నోరు విప్పేదానివి కాదు.

ఉమ్మడి రాష్ట్రంలోనే 2004 ప్రాంతంలో గిరిజన భాషల్లో మొదటి తరగతులు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టారు, కోయ, సవర, కువి, కొండ, గోండి, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే పుస్తకాలు వేశారు. ఆలోచన చాలా మంచిది, ముందు ఇంటి భాషలో చదవడం రాయడం వచ్చాక మెల్లిగా తెలుగులోకి. నడక మాత్రం ఒక చోట బాగా, ఇంకో చోట బీరువాలో. నీ బడిలో బీరువా తెరిచి చూడు, గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసులో కూడా అడుగు, పాత పుస్తకాలు దొరికే అవకాశం ఉంది. అవి దొరికితే నీకే మొదటి వాచకాలు అవి, పిల్లల కన్నా ముందు నువ్వు చదువు.

దొరక్కపోయినా ఆగక్కర్లేదు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ, అంగన్‌వాడీ ఆయా, ఐదో తరగతి పిల్లలు, వీళ్ళందరికీ రెండు భాషలూ వచ్చు. రోజుకి ఐదు మాటలు వాళ్ళ దగ్గర నేర్చుకుని నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకో: నీళ్ళు, అన్నం, రా, కూర్చో, నొప్పి ఎక్కడ. నువ్వు తప్పు పలికితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు, నవ్వనీ, నోరు తెరుచుకునేది అప్పుడే. టీచర్‌కి కూడా రానిది ఒకటుంది, మనకి వచ్చింది అని వాళ్ళకి తెలియడం కన్నా మంచి మొదటి పాఠం లేదు. నెల రోజులు ఒకటో తరగతికి రాత జోలికి పోకుండా ఆటలు, పాటలు, వాళ్ళ కథలు ఐదో తరగతి పిల్ల తెలుగులో చెప్పడం, ఇలా నడుపు. తెలుగు చెవికి అలవాటయ్యాక అక్షరం ఎక్కువ కష్టం కాదు.

ప్రశ్న: జాయిన్ అయ్యి రెండు నెలలైంది, ఇంకా జీతం రాలేదు. సీపీఎస్ అంటున్నారు, ఎస్సార్ అంటున్నారు, ఏమీ అర్థం కావట్లేదు. అడిగితే ఆఫీసులో విసుక్కుంటున్నారు.

జవాబు: మొదటి జీతం ఆలస్యం కావడం మామూలే, ఎంప్లాయీ ఐడీ రావాలి, ట్రెజరీలో పేరు ఎక్కాలి, ప్రాన్ నంబర్ (పెన్షన్ ఖాతా నంబర్) రావాలి. చేరిన రోజు నుంచీ లెక్క కట్టి అరియర్స్‌తో కలిపి వస్తుంది, పోదు. 2004 సెప్టెంబర్ 1 నుంచి ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళు మామూలుగా సీపీఎస్ కిందకే వస్తారు, అంటే పెన్షన్ కోసం మన జీతంలోంచి కూడా కట్టే పథకం, బేసిక్, డీఏ కలిపి దాంట్లో పది శాతం నీ జీతంలోంచి కట్ అవుతుంది, చేతికొచ్చేది చూసి ఆశ్చర్యపోకు, ఆ జీతాన్ని నమ్ముకుని ఇప్పుడే ఈఎమ్ఐలు కూడా పెట్టుకోకు.

ఎస్సార్ అంటే సర్వీస్ రిజిస్టర్, అది మాత్రం నువ్వే దగ్గరుండి రాయించుకో. పుట్టిన తేదీ, పేరు సర్టిఫికెట్లో ఉన్నట్టే స్పెల్లింగ్, డీఎస్సీ మెరిట్ ర్యాంక్, చేరింది పొద్దున్నా మధ్యాహ్నమా, ఇవన్నీ. ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకో. ముప్ఫై ఏళ్ళ తర్వాత ప్రమోషన్ సీనియారిటీ దగ్గర ఒక్క తేదీ కోసం కోర్టుల చుట్టూ తిరిగిన వాళ్ళు నాకు తెలుసు. విసుక్కునే గుమాస్తాతో గొడవ పడొద్దు, కాగితం మీద రాసి ఇచ్చి, నీ కాపీ మీద తారీఖు వేయించుకుని రా, కాగితం ఇస్తే విసుగు తగ్గుతుంది.

ప్రశ్న: "నువ్వు యంగ్ కదా, ఫోన్ బాగా వచ్చు కదా" అని మా స్కూల్లో యాప్‌లన్నీ నాకే ఇచ్చారు. అటెండెన్స్, భోజనం ఫొటోలు, యూడైస్ (బడి వివరాల ఎంట్రీ), మార్కుల ఎంట్రీ అన్నీ నేనే. నా పీరియడ్లే పోతున్నాయి. కాదంటే సీనియర్లు ఏమనుకుంటారో.

జవాబు: విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం టీచర్లకి చదువుకి సంబంధం లేని పని చెప్పకూడదు, జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప. కానీ యాప్‌లన్నీ చదువు పేరు మీదే వస్తాయి కాబట్టి ఆ సెక్షన్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో యుద్ధం చేస్తే లాభం లేదు. నా అభిప్రాయం అడిగితే, ఒక ఫొటో ఎక్కడానికి టవర్ కోసం టీచర్ బడి డాబా ఎక్కే పరిస్థితి తెచ్చినవాళ్ళు ఒక్క రోజు ఆ డాబా ఎక్కి చూడాలి.

నువ్వు చెయ్యగలిగింది, పూర్తిగా కాదనకుండా పంచడం. హెచ్‌ఎం గారి దగ్గరికి వెళ్ళి మాటల్లో కాకుండా కాగితం మీద నీ టైమ్‌టేబుల్ పెట్టి, ఏ పీరియడ్లో ఏ ఎంట్రీ పడుతోందో రాసి చూపించు. "సార్, భోజనం ఫొటోలు నేను చూసుకుంటా, మార్కులు ఎవరి సబ్జెక్ట్ వాళ్ళు ఎక్కిస్తే బాగుంటుంది, రానివాళ్ళకి నేను శనివారం నేర్పిస్తా" అను. నేర్పిస్తా అన్న మాటతో సీనియర్లకి కోపం రాదు, ఒక్కసారి నేర్చుకున్నాక రాదు అనే వీలూ ఉండదు. సీనియర్లని శత్రువుల్లా చూడకు, యాప్ రాని ఆ మాస్టారే క్లాసులో ఎలా చెప్తారో ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చుని చూడు. అడిగి మరీ కూర్చో. చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరికీ పెట్టే కాంప్లెక్స్ మీటింగ్‌లో పీపీటీ చూసినదానికన్నా ఆ ఒక్క పీరియడ్లో ఎక్కువ దొరకొచ్చు. బాగోకపోతే అదీ పాఠమే.

ప్రశ్న: నేను ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్తాను. ఐదు సెక్షన్లు, సెక్షన్‌కి 45 మంది. నోట్స్ అన్నీ రెడ్ పెన్‌తో దిద్దాలి, పేరెంట్స్ రాత్రి పదింటికి వాట్సాప్‌లో "మా బాబుకి ఒక మార్కు ఎందుకు తగ్గింది" అని అడుగుతారు. ఇంటికెళ్ళినా స్కూలే. డీఎస్సీకి చదువుకునే టైమ్ లేదు.

జవాబు: లెక్క వేద్దాం. ఐదు సెక్షన్లు, 45 మంది అంటే 225 నోటుబుక్కులు, ఒక్కోదానికి ఒక్క నిమిషం అనుకున్నా దగ్గర దగ్గర నాలుగు గంటలు. ఒక్క నిమిషంలో దిద్దేది ఏంటి, టిక్కు పెట్టి సంతకం, అంతే కదా. బోర్డు మీంచి ఎక్కించుకున్న నోట్స్‌కి టిక్కు పెడితే పిల్లలకి ఒరిగేది ఏమీ లేదు. మేనేజ్‌మెంట్ అడుగుతుంది కాబట్టి ఆ టిక్కులు తప్పవు, అవి పిల్లలు ఒకరిది ఒకరు మార్చుకుని క్లాసులోనే పది నిమిషాల్లో చూసుకుంటే నువ్వు తిరుగుతూ సంతకం పెట్టెయ్. నువ్వు నిజంగా దిద్దాల్సింది వారానికి ఒక్క ప్రశ్న, పిల్లలు సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు, అది కూడా వారానికి ఒక్క సెక్షన్‌వి. తప్పులు చూస్తే అందరివీ నాలుగైదు రకాలే ఉంటాయి, అక్షాంశాలు రేఖాంశాలు తారుమారు, క్రీస్తుపూర్వం సంవత్సరాలు వెనక నుంచి లెక్కపెట్టడం రాకపోవడం, ఇలాంటివి. మర్నాడు ఆ నాలుగు తప్పులూ బోర్డు మీద పెట్టి అన్ని సెక్షన్లకీ చెప్పు, 45 పుస్తకాలు దిద్దితే 225 మందికి పాఠం అయింది.

వాట్సాప్‌కి ఒక టైమ్ పెట్టుకో, సాయంత్రం ఐదు నుంచి ఆరు. మొదటి పేరెంట్స్ మీటింగ్‌లోనే నవ్వుతూ చెప్పెయ్. రాత్రి పదింటికి ఒక్కసారి జవాబిచ్చావంటే అది వాళ్ళకి హక్కు అయిపోతుంది. ముందు మీ ప్రిన్సిపల్‌తో మాట్లాడి చెప్పు, లేకపోతే కంప్లైంట్ తిరిగి నీకే వస్తుంది.

డీఎస్సీకి చదవడానికి రోజూ రాత్రి కూర్చోవాలని పెట్టుకోకు, నిద్రపోతావు. నువ్వు చెప్తున్న సోషలే కంటెంట్ సిలబస్‌లో ఉంటుంది కదా, ఆరు నుంచి పది దాకా పాఠ్యపుస్తకాల్ని నువ్వు చెప్పే క్రమంలోనే బిట్లు రాసుకుంటూ వెళ్ళు. మెథడాలజీ, సైకాలజీ ఆదివారాలకి. ఒక మాట, ప్రైవేట్‌లో నువ్వు చెప్పిన ఏళ్ళు ఊరికే పోతున్నాయని అనుకుంటావు చూడు, 45 మందిని కదలకుండా కూర్చోబెట్టిన వాళ్ళు గవర్నమెంట్ బడికి వచ్చాక మొదటి నెలలోనే తేడా తెలుస్తుంది, మా స్టాఫ్‌లో అలా వచ్చినవాళ్ళని ఎక్కువసార్లు నేను చెయ్యి పట్టుకుని నడిపించాల్సి రాలేదు.

ప్రశ్న: మేడమ్, మా ఎనిమిదో తరగతి అమ్మాయి పది రోజుల నుంచి బడికి రావట్లేదు. మొదట పత్తి ఏరడానికి వెళ్ళింది అన్నారు. ఇప్పుడు పెళ్ళి సంబంధం చూస్తున్నారని తోటి పిల్లలు చెప్తున్నారు. నేను కొత్త, ఊళ్ళో ఎవరూ తెలీదు. స్టాఫ్‌లో "మనకెందుకు, ఊరి గొడవ" అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: మనకే అమ్మా, ఇంకెవరికి! ఇవాళే కదులు, పది రోజులు అన్నావు, ఇప్పటికే ఆలస్యం.

ముందు ఇంటికి వెళ్ళు, ఒక్కదానివే వెళ్ళొద్దు, ఊళ్ళో ఇంటింటికీ తెలిసిన అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో తోడు తీసుకెళ్ళు. పెళ్ళి మాట ఎత్తకుండా, పరీక్షలు దగ్గరకొస్తున్నాయి, పాప రావట్లేదేంటని వచ్చాను అని కూర్చో. వాళ్ళమ్మతో మాట్లాడు, సాధారణంగా అసలు కారణం ఆమె చెప్తుంది. చాలా ఇళ్ళల్లో పెళ్ళి వెనక ఉండేది పెద్ద ఆలోచన కాదు, పొలానికి అందరూ వెళ్ళిపోతే పిల్ల ఇంట్లో ఒక్కతీ ఉంటుందన్న భయం, పైచదువుకి ఊరు దాటి ఆటోలో పోవాలన్న భయం. ఆ భయానికి నీ దగ్గర జవాబు ఉండాలి. కస్తూర్బా విద్యాలయంలో అమ్మాయిలకి హాస్టల్‌తో సహా ఉచితంగా చదువు ఉంటుంది, దగ్గర్లో ఎక్కడుందో, సీటు ఖాళీ ఉందో కనుక్కుని వెళ్ళు. ఊరికే చదివించండి అంటే వినరు, ఫలానా చోట సీటుంది, నేను దరఖాస్తు పెట్టిస్తా అంటే వింటారు.

హెచ్‌ఎం గారికి ఆబ్సెంట్ తేదీలతో రాతపూర్వకంగా ఇచ్చి పెట్టు. రేపు ఎవరైనా నీకెందుకు అన్నప్పుడు అది నీకు తోడు.

సంబంధం ఖాయమైందనో ముహూర్తం పెట్టారనో తెలిస్తే మాత్రం నచ్చజెప్పుతూ రోజులు గడపకు. 18 ఏళ్ళు నిండని అమ్మాయికి పెళ్ళి చెయ్యడం 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం, చేయించినవాళ్ళకీ దగ్గరుండి జరిపించినవాళ్ళకీ శిక్ష ఉంది. 1098కి ఫోన్ చెయ్, అది చైల్డ్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, ఫోన్ చేసిందెవరో బయటికి చెప్పొద్దని అడుగు. ఊరి పేరు, ఇల్లు ఎక్కడో, ముహూర్తం తేదీ చెప్తే వాళ్ళు ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే విభాగం) వాళ్ళకీ పోలీసులకీ చెప్పి వస్తారు. పెళ్ళి ఆగాక కొన్నాళ్ళు ఆ ఇంట్లో నీ మీద కోపం ఉంటుంది, ఉండనీ. ఆ కోపం పిల్ల మీదకి వెళ్ళకుండా చూడటం ముఖ్యం, కాబట్టి ఎవరు చెప్పారన్నది క్లాసులో తోటి పిల్లల పేర్లతో సహా ఎక్కడా రాకూడదు, స్టాఫ్‌రూమ్‌లో కూడా.

ఈ ఉత్తరం రాసిన అమ్మాయి ఏమైందో నాకు మళ్ళీ రాయాలి, పత్రిక వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ జవాబు నీ మెయిల్‌కి ముందే పంపించేశాను.